రెండు వేల కోత మీద అప్పీలు వెయ్యాలా, వద్దా? ఒక శనివారపు సహాయ కేంద్రం గురించి

మా అమ్మకు అరవై మూడేళ్ళు. రెండేళ్ళ వయసులో పోలియో సోకి ఎడమ కాలు సన్నబడిపోయింది. నలభై దాటాక రెండు చెవులూ క్రమంగా మందగించి, ఇప్పుడు ఎదురుగా నిలబడి పెదవులు కనబడేలా మాట్లాడితే తప్ప ఆమెకు మాట అందదు. ప్రభుత్వ డాక్టర్లు వైకల్యాన్ని లెక్కగట్టి ఇచ్చే పాత సదరం సర్టిఫికెట్‌లో ఆమె వైకల్యాన్ని 54 శాతంగా రాశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద 2024 జులైలో దివ్యాంగుల పింఛను మూడు వేల నుంచి ఆరు వేలకు పెరిగింది. అప్పటి నుంచి ఒకటో తారీఖున ఇంటికి తెచ్చిచ్చే ఆ డబ్బుతోనే ఆమె మందులు, చెవి మిషను బ్యాటరీలు, కాలి చెప్పు కింద అట్ట వేయించుకునే ఖర్చు గడిచేవి. 2025 ఆగస్టులో గ్రామ సచివాలయం నుంచి నోటీసు వచ్చింది. పునఃపరిశీలనలో వైకల్యం 36 శాతంగా తేలిందనీ, 40 శాతానికి తక్కువ కాబట్టి దివ్యాంగుల పింఛనుకు అర్హత లేదనీ, వయసు అరవై దాటినందున ఇకపై వృద్ధాప్య పింఛను ఇస్తారనీ అందులో ఉంది. ఆరు వేలు నాలుగు వేలవుతుందన్న మాట. అభ్యంతరం ఉంటే 30 రోజుల్లోగా ఎంపీడీవోకు (మండల పరిషత్ అభివృద్ధి అధికారికి) అప్పీలు చేసుకోవచ్చని చివర్లో ఒక్క వాక్యం రాశారు.

ఆ ఒక్క వాక్యం మా ఇంట్లో వారం రోజులు చర్చకు వచ్చింది. ఉన్న నాలుగు వేలు కూడా పోగొట్టుకుంటారేమో చూసుకోమని మేనమామ హెచ్చరించాడు. అమ్మయితే మళ్ళీ ఆ పునఃపరిశీలన క్యాంపుకు రానంటే రానంది. తెల్లవారుజామున బయలుదేరి, ఆసుపత్రి వరండాలో మూడు గంటలు గోడకు ఆనుకుని నిలబడి, లోపల డాక్టరు ముందు అయిదు నిమిషాలు గడిపి వచ్చిన రోజును ఆమె మరచిపోలేదు. పర్సంటేజీ పెంచి పెడతామని డబ్బు అడిగిన మనిషి కూడా ఒకడు ఇంటిదాకా వచ్చాడు, వాణ్ణి గుమ్మంలోంచే పంపించేశాను. అటువంటి సమయంలో మా డివిజన్ కేంద్రంలో దివ్యాంగుల సంఘం ఒకటి శనివారాల్లో ఉచితంగా నడిపే సహాయ కేంద్రం గురించి తెలిసి, అమ్మను తీసుకుని అక్కడికి వెళ్ళాను. ఈ సమీక్ష ఆ కేంద్రం గురించే. నోటీసు చేతిలో పట్టుకుని ఎటూ తేల్చుకోలేకపోతున్న ఇతర కుటుంబాలకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

కేంద్రం ఒక చిన్న గది. రోడ్డు మట్టానికే ఉంది, మెట్లు లేవు, గుమ్మం దగ్గర సిమెంటుతో వాలు కట్టారు. బల్ల వెనక కూర్చున్న పెద్దాయన రిటైరైన టీచరు, ఆయనే చంకకర్రల మీద నడుస్తారు. నేను జరిగిందంతా చెప్పబోతే చేత్తో వారించి, ముందు కాగితాలు అడిగారు. నోటీసు, కొత్త సర్టిఫికెట్, పాత సర్టిఫికెట్, దానితో పాటు అప్పట్లో ఇచ్చిన పరీక్ష వివరాల కాగితం ఉంటే అది కూడా. ఆ చివరి కాగితం మా దగ్గర ఉండటం అదృష్టం, అమ్మ దాన్ని రేషన్ కార్డు కవరులో దాచింది. ఆయన దాన్ని, కొత్త దాన్ని పక్కపక్కన పెట్టుకుని చదవడానికి పది నిమిషాలు తీసుకున్నారు. ఆ పది నిమిషాలూ ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఈ కేంద్రం మీద మొదట నమ్మకం కలిగింది అక్కడే. ఎందుకంటే అంతకు ముందు మేము అడిగిన ప్రతి ఒక్కరూ కాగితం చూడకుండానే వెయ్యమనో వద్దనో చెప్పేశారు.

తరువాత ఆయన ఒక తెల్ల కాగితం తీసుకుని లెక్క వేసి చూపించారు. పాత పరీక్షలో కాలికి 36, చెవులకు 30. రెండు వైకల్యాలు ఉన్నప్పుడు వాటిని నేరుగా కూడరు. ఎక్కువ ఉన్న అంకెను అలాగే ఉంచి, తొంభైలోంచి దాన్ని తీసివేయగా మిగిలినదాన్ని తక్కువ ఉన్న అంకెతో గుణించి, తొంభైతో భాగించి, వచ్చినదాన్ని మొదటి అంకెకు కలుపుతారు. తొంభైలోంచి 36 పోతే 54. 54ను 30తో గుణించి తొంభైతో భాగిస్తే 18. 36కు 18 కలిపితే 54. అమ్మ పాత సర్టిఫికెట్‌లో ఉన్నది సరిగ్గా అదే. కొత్త సర్టిఫికెట్‌లో 36 మాత్రమే ఉంది. అంటే కొత్త డాక్టరు కాలి విషయంలో పాత డాక్టరుతో పూర్తిగా ఏకీభవించారు. చెవుల ఊసే లేదు. ఆ రోజు ఎముకల డాక్టరు ఒక్కరే చూశారు, చెవి పరీక్ష జరగనే లేదు.

నేను ఇన్నాళ్ళూ అనుకున్నది వేరు. ఎవరో అమ్మ కాలిని తక్కువ చేసి చూశారనీ, మనం వెళ్ళి ఆమె ఎంత కష్టపడుతోందో చెప్పాలనీ అనుకున్నాను. అలా రాసి ఉంటే ఆ అప్పీలు నిలిచేది కాదు. తగ్గించిన శాతంలో ఏ భాగం తగ్గింది, ఎందుకు తగ్గింది అన్నది తెలియకుండా అప్పీలు వెయ్యాలో వద్దో తేల్చుకోవడం చీకట్లో బాణం వెయ్యడమేనని ఆ తెల్ల కాగితం చూశాకే నాకు అర్థమైంది.

ఆ తరువాత జరిగినది చిన్న విషయమే గాని నాకు కళ్ళకు కట్టినట్టుంది. క్యాంపులో అమ్మను పేరేమిటని అడిగితే చెప్పిందా అని ఆయన నన్ను అడిగారు. చెప్పింది, ఊరి పేరూ చెప్పింది, ఆధార్ నంబరు కూడా చెప్పింది. ఏ ఆఫీసులోనైనా అదే వరసలో అవే ప్రశ్నలు అడుగుతారు గనుక, పెదవులు చూసి ఆమె తడుముకోకుండా జవాబిస్తుంది. ఆయన నోటీసు కాగితాన్ని తీసి తన నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతోనే, "భోంచేశావా అమ్మా?" అన్నారు. అమ్మ ఆయన వైపు కాసేపు చూసి, నా వైపు తిరిగింది. ఆయన కాగితం దించి అదే మాట మళ్ళీ అన్నారు. "ఆఁ, తిన్నాం బాబూ" అంది. ఇన్నేళ్ళుగా ఇంట్లో ఉన్న నాకే ఆమె వినికిడి ఎంత పోయిందో అంత స్పష్టంగా తెలియలేదు.

ఇక అప్పీలు వెయ్యాలా వద్దా అన్న అసలు ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానం ఇది. మళ్ళీ పరీక్షకు వెళితే శాతం పెరగవచ్చు, అలాగే ఉండవచ్చు, తగ్గనూ వచ్చు. అయితే అమ్మకు అరవై దాటింది కాబట్టి, ఎంత తగ్గినా వయసు మీద వచ్చే నాలుగు వేలకు ఢోకా లేదు. మా మేనమామ భయానికి ఆధారం లేదని తేలిపోయింది. గెలిస్తే నెలకు రెండు వేల చొప్పున ఏడాదికి 24,000 రూపాయలు. 40 శాతం గీత దాటితే ఆ గీతను బట్టి వచ్చే మిగతా హక్కులూ నిలుస్తాయి. కాబట్టి మా విషయంలో వెయ్యమనే ఆయన సలహా. అదే యాభై ఏళ్ళ మనిషికి, తీవ్ర వైకల్యానికిచ్చే పదిహేను వేల నుంచి ఆరు వేలకు తగ్గి ఉంటే తాను ఇంత సులువుగా చెప్పేవాణ్ణి కాననీ, అక్కడ పరీక్ష ఎదురు తిరిగి 40 కిందికి జారితే ఉన్న ఆరు వేలూ పోతాయనీ అన్నారు. వయసు అరవైకి ఎటు ఉందో, పోయేది ఎంతో, నిలిచేది ఎంతో ముందే లెక్క కట్టుకోవాలన్న ఈ మాట నాకు మరెక్కడా వినబడలేదు.

చట్టం గురించి ఆయన ఎక్కువ మాట్లాడలేదు, అవసరమైన రెండు ముక్కలు మాత్రం చెప్పారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ ప్రకారం, సర్టిఫికెట్ ఇచ్చినవారి నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకోవడం హక్కే గాని ఎవరి దయా కాదు. అదే చట్టంలోని 24వ సెక్షన్, సామాజిక భద్రత పథకాల్లో ఇతరులకు ఇచ్చే మొత్తం కన్నా దివ్యాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలంటుంది. వృద్ధాప్య పింఛనుకూ దివ్యాంగుల పింఛనుకూ తేడా ఉండటం వెనక ఉన్న ఆలోచన అదే. పోలియో కాలితో, వినబడని చెవులతో ముసలితనంలోకి వచ్చిన మనిషిని, ముసలితనం ఒక్కటే ఉన్న మనిషితో కలిపి లెక్కించడం నా దృష్టిలో న్యాయం కాదు. ఈ మాట ఆయన అనలేదు, నేను అంటున్నాను.

అప్పీలు రాయడంలో కేంద్రం చేసిన సాయం కూడా చెప్పాలి. నేను తీసుకెళ్ళిన మూడు పేజీల ఉత్తరాన్ని ఆయన ఒక పేజీకి కుదించారు. పాత సర్టిఫికెట్‌లో రెండు వైకల్యాలు ఉన్నాయనీ, కొత్త పరీక్షలో ఒకటే నమోదైందనీ, వినికిడి పరీక్ష జరపలేదనీ, చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఉన్న ఆసుపత్రిలో రెండింటికీ పరీక్ష చేయించాలనీ నాలుగు వాక్యాలు. మా పేదరికం, అమ్మ కష్టాలు, నా ఆవేదన అన్నీ తీసేశారు. నాకు మొదట మనసొప్పలేదు. ఆ కాగితం చదివే అధికారికి ఏం చెయ్యాలో ఒక్క చూపులో తెలియాలని ఆయన అన్నప్పుడు ఒప్పుకున్నాను. పరీక్ష రికార్డు కోసం సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టించారు గాని, దాని జవాబుకూ 30 రోజుల గడువు ఉంటుంది, అప్పీలుకూ అంతే; అందుకని జవాబు వచ్చేదాకా ఆగవద్దనీ, అప్పీలు ముందు ఇచ్చేసి, తారీఖూ ముద్రా ఉన్న రసీదు తీసుకున్నాకే ఎంపీడీవో ఆఫీసు గడప దాటమనీ గట్టిగా చెప్పారు. కేంద్రం ఒక్క రూపాయి తీసుకోలేదు, జెరాక్సులకు మేము బయట ముప్పై రూపాయలు పెట్టాం.

లోపాలు లేవని కాదు. వారానికి ఒక్క రోజే తెరుస్తారు. ఉదయం పదికి ముందు చేరుకోకపోతే మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. కుర్చీలు ఏడెనిమిదే ఉన్నాయి, మరుగుదొడ్డి లేదు. కాళ్ళు సరిగా లేని మనుషులు వచ్చే చోట ఇది చిన్న లోపం కాదు, దీన్ని ముందు సరిచేసుకోవాలి. వినబడనివారికి వరస వచ్చినప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నారు. చేతికి ఒక నంబరు చీటీ ఇచ్చి, బోర్డు మీద అంకె రాస్తే సరిపోతుంది. ఇది నేను వారికే నేరుగా చెప్పాను, తరువాతి శనివారానికి చీటీలు వచ్చాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మరొకటి. మా ముందు కూర్చున్న ఒక ఇల్లాలు తన భర్త కాగితాలు తెచ్చింది. పక్షవాతం వచ్చిన మనిషి, పదిహేను వేలు వచ్చేది, ఇప్పుడు ఆరు వేలు చేశారు. ఆ పదిహేను వేలు మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారి కోసం. ఆయన ఇంట్లో నడుస్తారా అని పెద్దాయన అడిగితే, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తాడని ఆమె నిజం చెప్పింది. అయితే అప్పీలు వల్ల లాభం తక్కువ, నష్టం ఎక్కువ కావచ్చు, ఆలోచించుకో అమ్మా అని ఆయన రెండు నిమిషాల్లో ముగించారు. ఆమె కళ్ళనీళ్ళతో లేచి వెళ్ళిపోయింది. మాకు ఇచ్చిన సమయంలో సగం కూడా ఆమెకు దొరకలేదు. ఆ నాలుగడుగులు ఎంత సేపట్లో వేస్తాడు, స్నానం ఎవరు చేయిస్తారు, రాత్రి పక్క తిప్పేది ఎవరు, అన్నం తానే కలుపుకోగలడా అని అడగలేదు. వద్దని చెప్పడం తప్పు కాదు, అబద్ధపు ఆశ పెట్టడం కన్నా అదే మేలు. కానీ వద్దని చెప్పే ముందు అంతా అడగాలి.

మా సంగతి ముగిసింది. అప్పీలు ఇచ్చిన కొన్ని వారాలకు వేరే ఆసుపత్రిలో స్లాటు ఇచ్చారు. ఈసారి అమ్మను గాజు కిటికీ ఉన్న గదిలో కూర్చోబెట్టి, చెవి మిషను తీయించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. 500 హెర్ట్‌జ్ నుంచి 4000 దాకా ఒక్కో శబ్దాన్నీ ఒక్కో చెవికి విడివిడిగా వినిపించారు. కాస్త మెరుగ్గా వినబడే చెవికి అయిదు వంతుల బరువూ, రెండో చెవికి ఒక వంతూ ఇచ్చి, ఆరుతో భాగించి చెవుల శాతం కడతారని వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్టు మాకు వివరించింది. అమ్మకు 35 వచ్చింది. కాలు 36 అలాగే ఉంది. టీచరుగారి లెక్క ప్రకారం నేను ఆసుపత్రి బెంచీ మీదే కూర్చుని కట్టాను, 57. సర్టిఫికెట్‌లోనూ అదే వచ్చింది, ఆరు వేల పింఛను నిలిచింది.

అప్పీలు ఇవ్వడానికి మండలం ఆఫీసుకు వెళ్ళిన రోజున ఆ ఇల్లాలు మళ్ళీ కనబడింది. పక్క కొట్లో ఎవరితోనో రాయించుకున్న కాగితం పట్టుకుని ఉంది. అందులో దయతో పింఛను పునరుద్ధరించవలసిందిగా అన్న వేడుకోలు తప్ప ఇంకేమీ లేదు. ఆమెకు ఇంకా పన్నెండు రోజుల గడువుంది. అది ఇవ్వకుండా ఆపించి, శనివారం నేనే వెంటబెట్టుకుని కేంద్రానికి తీసుకెళ్ళాను. పెద్దాయన ఆమెను గుర్తుపట్టారు. "ఆ రోజు నేను అడగాల్సినవి అడగలేదమ్మా" అని, ఈసారి పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా ఆమె భర్తకు ఏ పని ఎవరు చేస్తారో ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. ఇదంతా విన్నాక కూడా గెలుస్తామని చెప్పలేనంటూ, ఉన్నది పోయే ప్రమాదం ఎంతో మళ్ళీ వివరించి, నిర్ణయం ఆమెకే వదిలారు. ఆమె వెయ్యాలనే అంది. రసీదు ఆమె దగ్గర ఉంది, పరీక్షకు స్లాటు ఇంకా రాలేదు.