ఆటగాడు, క్రీడాకారుడు, అథ్లెట్: పరిగెత్తేవాళ్లను ఏమనడం మేలు?

కాలేజీలో స్పోర్ట్స్ కోటా ఫారం తీసుకుంటూ గుమాస్తా మా మేనకోడల్ని అడిగాడు, "ఏ ఆట ఆడతావమ్మా?" అని. "ఆడను సార్, పరిగెత్తుతా. నాలుగు వందల మీటర్లు" అందా పిల్ల. ఆయన పెన్ను కాసేపు ఆగింది. చివరికి ఆ గడిలో "రన్నింగ్" అని రాశాడు.

చిక్కంతా ఆ "ఆట" దగ్గరే ఉంది. కబడ్డీ ఆడతాం, క్రికెట్ ఆడతాం, షటిల్ ఆడతాం. కానీ పరుగు ఆడం, లాంగ్‌జంప్ ఆడం. పరిగెత్తుతాం, దూకుతాం, ఈటె విసురుతాం. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా అథ్లెటిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచింది. ఆ వంద మీటర్లలో పది హర్డిల్స్, ఒక్కోటి దాదాపు 84 సెంటీమీటర్లు, అంటే భోజనాల బల్ల కన్నా ఎత్తు. వాటి మీదుగా దూసుకెళ్లే మనిషిని "ఆటగత్తె" అంటే నా చెవికి అసలు ఆనదు. పైగా "వాడు పెద్ద ఆటగాడు" అంటే మన దగ్గర వేరే అర్థం కూడా ఉంది!

క్రీడాకారుడు గౌరవమైన మాట. పేపర్లో, సన్మాన పత్రంలో నిండుగా ఉంటుంది. అన్ని ఆటలవాళ్లనీ కలిపి చెప్పాలంటే ఇదే మేలు. ఇంట్లో మాత్రం ఎవరూ అనరు. ఆడపిల్లకైతే క్రీడాకారిణి అని మార్చుకోవాలి కూడా.

అథ్లెట్‌కి ఆ బాధ లేదు, ఆడా మగా ఇద్దరికీ ఒకటే. పోటీకి, బహుమతికి గ్రీకులో ఉన్న మాటల నుంచి వచ్చింది. అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లూ అథ్లెట్లే. ఇక్కడ మనం ఎక్కువగా ట్రాక్, ఫీల్డ్ వాళ్లనే అలా అంటాం. నాకు నచ్చింది సరిగ్గా ఈ తేడానే. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జివాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. "పారా అథ్లెట్ దీప్తి" అనగానే కళ్ల ముందు ట్రాక్ కనిపిస్తుంది. "క్రీడాకారిణి దీప్తి" అంటే ఏ ఆట అని మళ్లీ అడగాలి.

కొందరు "అథ్లెటిక్స్ ప్లేయర్" అంటున్నారు. దయచేసి అలా అనకండి, మళ్లీ ఆ "ఆడటం" దగ్గరికే వచ్చినట్టవుతుంది. దానికన్నా మా అమ్మ అనే "పరుగుపందేల పిల్ల" వెయ్యి రెట్లు నయం.

మా మేనకోడలు ఇప్పుడు ఎవరడిగినా "అథ్లెట్‌ని, నాలుగు వందల మీటర్లు" అంటోంది. దూరం చెప్పడం మాత్రం మానదు.