పానగల్లు: నీడ చూసి వెనక్కి రాకండి

మాది పాలమూరు జిల్లా కందూరు పక్క ఊరు. అక్కడి రామలింగేశ్వరుని గుడి, దాని చుట్టూ ఉన్న కదంబ చెట్ల కింద ఆడుకుంటూ పెరిగాం. మా కందూరు పేరుతోనే ఒక చోడ వంశం ఉండేదని, వాళ్లు కల్యాణి చాళుక్యులకు సామంతులని, పానగల్లు రాజధానిగా ఏలారని నాయిన చిన్నప్పటి నుంచి చెప్పేవాడు. డెబ్బై దాటాక ఆయనే అడిగాడు, "ఒకసారి పోయి చూసొద్దామా బిడ్డా" అని.

కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా బస్సులో నల్గొండ చేరాం. హైదరాబాద్ వాళ్లకైతే ఇంకా తేలిక: విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాకా వచ్చి, అక్కడ నల్గొండ వైపు తిరిగితే చాలు. గుంటూరు వెళ్లే రైళ్లూ నల్గొండలో ఆగుతాయి. పానగల్లు ఇప్పుడు నల్గొండ పట్నంలో కలిసిపోయినట్టే ఉంది, బస్టాండు నుంచి ఆటోలో కాసేపటి ప్రయాణం. బస మాత్రం నల్గొండలోనే చూసుకోవాలి. మేం దిగిన లాడ్జిలో లిఫ్టు ఉందని ఫోన్‌లో చెప్పారు. తీరా వెళ్తే అది నడవడం లేదు. మోకాళ్ల నొప్పితో నాయిన రెండో అంతస్తుకు మెట్లెక్కాల్సి వచ్చింది. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు ముందే కింది గది అడిగి, దొరుకుతుందని ఖాయం చేసుకున్నాకే డబ్బు కట్టండి.

పొద్దున్నే ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లాం. త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. వాటిలో ఒకదాంట్లో శివలింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ నిలబడి ఉంటుంది. పొద్దు తూర్పున ఉన్నా పడమటికి వాలినా ఆ నీడ చోటు మారదు. కళ్లారా చూద్దామని సాయంత్రం నాలుగింటికి మళ్లీ వెళ్లాం. అక్కడే ఉంది. నేరుగా పడే ఎండతో వచ్చే నీడ కాదది. బయటి నుంచి చెదిరి మండపంలోకి వచ్చే వెలుగును స్తంభాలు అడ్డుకునే తీరులోనే కిటుకంతా ఉంది. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల కిందటి శిల్పి ఆ స్తంభాలను ఎంత లెక్కతో నిలబెట్టాడో తలుచుకుంటే ఒళ్లు పులకరించింది. మేమున్న అరగంటలో నాలుగు కుటుంబాలు వచ్చాయి, నీడకు ఫోటో తీసుకుని కారెక్కాయి. పైకప్పు చెక్కడాల వైపు ఒక్కరూ తలెత్తలేదు. అదే నాకు బాధనిపించింది.

అక్కడి నుంచి పచ్చల సోమేశ్వరాలయం. నిజం చెప్పాలంటే నాకు ఇదే ఎక్కువ నచ్చింది. బయటి గోడల మీద నల్లరాతిలో రామాయణ, భారత ఘట్టాలు వరుసగా చెక్కి ఉన్నాయి. నాయిన ఒక్కో బొమ్మ దగ్గర ఆగి కథ గుర్తు చేసుకుంటూ నడిచాడు. గంటన్నర పట్టింది. పక్కనే మ్యూజియం ఉంది, శాసనాలు, విగ్రహాలు చూడొచ్చు. తొందరలో ఉంటే దాన్ని వదిలేసినా ఈ గోడలను మాత్రం వదలొద్దు. నీళ్ల సీసా, టోపీ వెంట తెచ్చుకోండి. ఎండాకాలంలో ఆ రాతి నేల మీద చెప్పుల్లేకుండా పది నిమిషాలు కూడా తిరగలేరు.

మధ్యాహ్నం బస్టాండు దగ్గర చిన్న హోటల్లో జొన్నరొట్టె, చేపల పులుసు తిన్నాం. బయట బండి మీద బత్తాయిలు అమ్ముతున్నారు. నల్గొండకు వచ్చి బత్తాయి తినకుండా ఎలా?

ఇక పానగల్లు చెరువు. కందూరు చోడ రాజు ఉదయ చోడుడి పేరు మీద ఉదయ సముద్రం అయింది. కట్ట ఎక్కితే కంటికి ఆనినంత మేర నీళ్లు. అప్పట్లో వాన నీటికి కట్టిన చెరువు ఇప్పుడు కృష్ణా నీళ్లతో నిండుతోంది. నాగార్జునసాగర్ నీటిని పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి జలాశయం నుంచి కాల్వలో ఇక్కడికి తెస్తారు. ఒకటిన్నర టీఎంసీలు పడుతుంది. నల్గొండ తాగే నీళ్లు కూడా ఇక్కడివే.

ఆ మాట విన్నాక నాయిన కట్ట మీద కూర్చుండిపోయాడు. మా పెద్దత్తను ఈ నల్గొండ జిల్లాలోనే మర్రిగూడ వైపు ఇచ్చారు. అక్కడి రాళ్లలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగేది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితేనే ఒంటికి చెరుపు చేసే ఫ్లోరైడ్‌తో, నలభై ఏళ్లకే అత్త కాళ్లు వంకరపోయాయి. కట్ట కింది టీ కొట్టులో నాయిన గ్లాసు నీళ్లు అడిగి, "ఇవి ఈ చెరువువేనా?" అన్నాడు.

"అవు పెద్దయ్యా, కృష్ణమ్మ నీళ్లే. మంచిగుంటయ్, తాగున్రి."

నెమ్మదిగా తాగి, ఇంకో గ్లాసు పోయమన్నాడు.

పొద్దుగూకేదాకా కట్ట మీదే ఉన్నాం. కొంగలు గుంపులుగా తిరిగొస్తున్నాయి, అటు నల్గొండ గుట్టలు నల్లబడుతున్నాయి. ఇక్కడ బెంచీలు తక్కువ, చీకటి పడ్డాక వెలుతురు తక్కువ, ఆడవాళ్లకు సరైన మరుగుదొడ్డి నాకెక్కడా కనిపించలేదు. చీకటయ్యాక ఆటో దొరకడమూ కష్టమైంది. పొద్దున దింపిన ఆటో అన్న నంబరు తీసి పెట్టుకోవడం మంచిదైంది, ఫోన్ చేస్తే పావుగంటలో వచ్చాడు.