పాలకొల్లు దగ్గర మా ఇంటి లాన్‌కి స్ప్రింక్లర్లు పెట్టించిన అనుభవం: పైపులు కాదు, ముందు మట్టి చూసే వాళ్ళని పిలవండి

మా ఇంటి ముందు మూడు సెంట్ల లాన్ ఉంది, 145 గజాలు. ఇల్లు కట్టినప్పుడు పల్లంగా ఉందని చేపల చెరువు మట్టి తోలించి మెరక చేశాం, దాని మీద కడియం నుంచి మెక్సికన్ గడ్డి తెచ్చి పరిపించాం. రెండేళ్ళు బాగుంది. తర్వాత నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు వచ్చి పైపు పట్టుకుని తడపలేకపోతున్నారని ఆటోమేటిక్ స్ప్రింక్లర్లు పెట్టిద్దామనుకున్నాం. ఇప్పటికి ఇద్దరు వచ్చి వెళ్ళారు. మన గోదావరి జిల్లాల్లో ఈ పని చేయించుకునే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి వాళ్ళ పేరు రాయను. ఫోన్‌లో ఎన్ని గజాలని అడిగారు, మర్నాడు పైపులతో దిగారు, ఒక్క రోజులో తవ్వి పూడ్చి, 40 వేలు తీసుకుని వెళ్ళిపోయారు. మట్టి గురించి గానీ, బోరు నీళ్ళ గురించి గానీ ఒక్క మాట అడగలేదు. రోజూ సాయంత్రం 15 నిమిషాలు పెట్టి ఇచ్చారు. మూడు వారాలకి గేటు దగ్గర నీళ్ళు నిలబడిపోతున్నాయి, మామిడి చెట్టు అవతల మూల ఎండిపోతోంది. ఎండిన మూల కోసం నేను టైము పెంచాను, దాంతో గేటు వైపు ఇంకా పాడైంది. ఒక రోజు అక్కడ కూర్చుని గడ్డి కుచ్చు పట్టుకుని మెల్లగా లాగితే వేళ్ళు లేకుండా ఊడి చేతికొచ్చేసింది, కింద మట్టి నీలంగా ఉంది, మురుగు కాలువ వాసన. అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. ఫోన్ చేస్తే "ఇంకో రెండు హెడ్‌లు వేద్దామండి" అన్నారు.

రెండో టీం కడియం వైపు నర్సరీలకి డ్రిప్ పనులు చేసే కుర్రాళ్ళు. వచ్చిన రోజు పైపు ముట్టుకోలేదు. గునపంతో అడుగు లోతు గుంట తీసి, బకెట్ నీళ్ళు పోసి, టీ తాగి వచ్చి చూశారు. నీళ్ళు దాదాపు పోసినట్టే ఉన్నాయి. బోరు నీళ్ళు గ్లాసులో పట్టి, నీళ్ళలో కరిగిన ఉప్పులు కొలిచే టీడీఎస్ మీటరు పెట్టారు, 1,400 చూపించింది. తర్వాత మా ఇంట్లో ఉన్న స్టీలు గ్లాసులు పన్నెండు, అన్నీ ఒకే సైజువి, లాన్ అంతా పెట్టి పాత స్ప్రింక్లర్లని పది నిమిషాలు తిప్పి, స్కేలు పెట్టి కొలిచారు. గేటు దగ్గర గ్లాసులో 11 మిల్లీమీటర్లు, మూల గ్లాసులో 2. మొదటి వాళ్ళు దగ్గరకి చిమ్మే స్ప్రే హెడ్‌లూ, తిరుగుతూ దూరం చిమ్మే రోటర్లూ ఒకే లైనులో కలిపేశారట. ఈ రెండూ ఒకే టైములో సమానంగా నీళ్ళు పోయవు, కాబట్టి ఒకే వాల్వు మీద ఉండకూడదు. గ్లాసుల పరీక్ష మాత్రం ఎవరికి వారు చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు, దయచేసి చేయండి.

నాన్నగారు నలభై ఏళ్ళు వరి పండించిన మనిషి, నీళ్ళు నిలబడితేనే ఆయనకి తృప్తి. ఆ టీంలో పెద్దబ్బాయి ఆయన పక్కన కూర్చుని, "బాబాయ్ గారూ, ఇది వరి చేను కాదండి, ఆరుతడి పైరులా చూడాలి, తడి ఆరితేనే వేరు కిందకి దిగుద్ది" అన్నాడు. నేను ఆరు నెలలు చెప్పినా వినని ఆయనకి ఆ ఒక్క మాటతో అర్థమైపోయింది.

అసలు లెక్క ఇది. మామూలు స్ప్రే హెడ్ గంటకి సుమారు 40 మిల్లీమీటర్ల నీళ్ళు పోస్తుంది, మన బంకమన్ను గంటకి 5 మిల్లీమీటర్లు తాగడమే ఎక్కువ, మిగతాదంతా పైనే నిలబడి వేరుకి గాలి ఆడనివ్వదు. అందుకని గంటకి 10, 11 మిల్లీమీటర్లే పోసే తిరుగుడు నాజిళ్ళు పెట్టారు, అన్నీ ఒకే రకం, ఒకదాని నీళ్ళు పక్క హెడ్ దాకా చేరేలా. నడిపేది కూడా విడతలుగా: తెల్లవారుజామున నాలుగింటికి 20 నిమిషాలు, గంట విరామం, మళ్ళీ 20, మళ్ళీ గంట, ఇంకో 20. ఎండాకాలం ఇలా వారానికి రెండు సార్లు, అంతే. మా మూడు సెంట్లకి వారానికి ఈ 20, 22 మిల్లీమీటర్లంటే సుమారు 2,500 లీటర్లు. సాయంత్రం తడపడం పూర్తిగా మాన్పించారు, రాత్రంతా ఆకు తడిగా ఉంటే మన ఉక్కకి ఫంగస్ గుండ్రంగా మచ్చలు కడుతుంది, మా లాన్‌లో కట్టింది కూడా.

గేటు వైపు చిల్లుల పైపు పాతి, చుట్టూ కంకర వేసి మురుగు బోదెలోకి కలిపారు. నా దృష్టిలో మొత్తం పనిలో విలువైనది ఇదే. కాలువలకి నీళ్ళు ఆపేశాక మా బోరులో ఉప్పు పెరుగుతుంది, అప్పుడప్పుడు ఎక్కువ నీళ్ళు పెట్టి ఆ ఉప్పుని కిందకి కడిగేయాలంటే ఆ నీళ్ళు పోయే దారి ఉండాలి కదా. చెరువు మట్టిలో చవుడు ఉందని జిప్సం చల్లించారు, ఇనప ముళ్ళ ఫోర్కుతో లాన్ అంతా పొడిచి ఆ కన్నాల్లో ఇసుక నింపారు. బంకమన్నులో పైపైన కాస్త ఇసుక కలిపితే ఇంకా గట్టిపడుతుందనీ, కన్నాల్లో నిలువుగా నింపితేనే పని చేస్తుందనీ చెప్పారు.

వాన సెన్సారు వద్దనుకున్నాను, వాళ్ళు పట్టుబట్టి పెట్టారు. అక్టోబరులో వాయుగుండం పట్టి నాలుగు రోజులు వాన కురిస్తే సిస్టం దానంతటదే ఆగిపోయింది, ఎవరం స్విచ్ ముట్టుకోలేదు. టైము ప్రకారం నీళ్ళు వదిలే కంట్రోలరుకి బ్యాటరీ ఉందో లేదో కూడా అడిగి తీసుకోండి, మన కరెంటు కోతలకి అది లేకపోతే టైము చెరిగిపోతుంది.

గడ్డి కోతలో నేను చేస్తున్న తప్పు కూడా చూపించారు. నెలకోసారి బోడిగా కొట్టించేవాడిని. ఒక కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకి మించి తీయకూడదు, బ్లేడు పదునుగా ఉండాలి. యూరియా చల్లితే వెంటనే నీళ్ళు పెట్టాలి, లేకపోతే ఆకు మాడిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన రోజు కంటే రెండు రోజులు ఆలస్యంగా వచ్చారు. ఫిల్టరు వారానికోసారి కడగాలని ముందు చెప్పలేదు, రెండు హెడ్‌లు మూసుకుపోయాక ఫోన్ చేస్తే చెప్పారు. పైపులు ఎక్కడెక్కడ పోయాయో కాగితం మీద గీసి ఇమ్మని మూడు సార్లు అడగాల్సి వచ్చింది. ఈ కాగితం డబ్బులివ్వక ముందే తీసుకోండి, రేపు కొబ్బరి మొక్క కోసం గొయ్యి తీసినా అదే దిక్కు.

మొత్తం 28 వేలైంది, మొదటి ఖర్చు కాకుండా. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఏడు నెలలైంది. గేటు దగ్గర కొత్త గడ్డి కలిసిపోయింది, మామిడి నీడలో మాత్రం ఇంకా పలచగానే ఉంది, సంక్రాంతి తర్వాత కొమ్మలు కొట్టించి చూద్దామన్నారు. నాన్నగారు పొద్దున్నే చెప్పులు విప్పి దాని మీద నడుస్తున్నారు.