గాలి మొక్కకి నీళ్లు: ముంచాలా, స్ప్రే కొట్టాలా?

గాలి మొక్కకి, అంటే టిల్లాండ్సియాకి, మట్టి అక్కర్లేదు, నీళ్లు ఆకులతోనే తాగుతుంది. మరి నెల్లూరు ఎండల్లో ఎలా పట్టాలి?

ఖర్చు: ముంచడానికి ఇంట్లో గిన్నె చాలు. స్ప్రేకి సీసా కొనాలి, అంతే.

శ్రమ: ముంచితే వారానికోసారి అరగంట. స్ప్రే అయితే వేసవిలో దాదాపు రోజూ, ఆకులు కారేదాకా.

రిస్క్: ముంచడంలోనే ఎక్కువ. తీశాక తలకిందులుగా దులిపి, నాలుగు గంటల్లోపు ఆరేలా ఫ్యాన్ కింద పెట్టాలి. నేనోసారి తడిగానే గాజు బుడ్డిలో పెట్టేశాను. మొదలు నల్లబడి, ఆకులు ఊడి చేతికొచ్చాయి. ఇక బోరు నీళ్లు ఏ పద్ధతికైనా చేటే, తెల్లటి పొర కడుతుంది. వాన నీళ్లు పట్టి ఉంచుకోండి.

మే నెలలోనూ, ఏసీ గదిలోనూ ముంచడమే నయం. అక్టోబరు–డిసెంబరు వానల్లో స్ప్రే చాలు. ఎర్రగడ్డలా మొదలు ఉబ్బిన రకాలకి ఎప్పుడూ స్ప్రేనే.