స్టాక్‌హోమ్ దీవులకు తెల్ల పడవలు: వాక్స్‌హోమ్స్‌బోలాగెట్ సర్వీసు ఎలా ఉంటుంది

స్టాక్‌హోమ్ నడిబొడ్డున, గ్రాండ్ హోటల్ ఎదురుగా స్ట్రోమ్‌కాయెన్ రేవులో తెల్ల పడవలు వరసగా ఆగి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు వాటిని టూరిస్టు క్రూయిజులు అనుకుంటారు. నిజానికి అవి ఊరి బస్సుల్లాంటివి. వీటిని నడిపే సంస్థ వాక్స్‌హోమ్స్‌బోలాగెట్. 1869లో మొదలైన ఈ సంస్థ ఇప్పుడు స్టాక్‌హోమ్ ప్రాంతీయ ప్రభుత్వానిది. దీవుల్లో కాపురం ఉండేవాళ్లు, వాళ్ల సంచులు, కుక్కలు, పిల్లల బళ్లు అన్నీ ఈ పడవల్లోనే వెళ్తాయి. గైడు ఉండడు, మైకులో వర్ణన ఉండదు. మన పల్లెవెలుగు బస్సు నీళ్ల మీద నడిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. క్రూయిజు అనుకుని ఎక్కితే నిరాశే. బస్సు అనుకుని ఎక్కితే, దాదాపు 30 వేల దీవులు, దిబ్బలు ఉన్న ఈ సముద్రాన్ని చూడడానికి దీన్ని మించిన దారి లేదు.

ముందుగా చూసుకోవాల్సింది తిరుగు పడవ. పొద్దున వెళ్లే పడవ ఎలాగూ దొరుకుతుంది. ఇబ్బంది పెట్టేది సాయంత్రం ఆఖరి పడవే. టైం టేబుల్ ఋతువును బట్టి మారుతుంది, వారం మధ్యలో ఒకలా, శని ఆదివారాల్లో ఇంకోలా ఉంటుంది. ప్రతి పడవా ప్రతి రేవులో ఆగదు. నిలువు వరసల కింద ఉండే చిన్న అక్షరాల గమనికలు చదవకపోతే, మీరు చూసుకున్న పడవ ఆ రోజు నడవకపోవచ్చు. ఈ టైం టేబుల్ ఇంకాస్త సులువుగా ఉండాల్సింది. సీటు రిజర్వేషన్ లేదు, ముందు వచ్చినవాళ్లదే చోటు. జులైలో ఎండ కాసిన శనివారం అయితే అరగంట ముందే రేవులో నిలబడండి. నోట్లు పనికిరావు, కార్డు ఉండాలి. సైకిలు తీసుకెళ్లొచ్చు, కానీ చోటు ఉంటేనే ఎక్కించుకుంటారు.

ఎక్కేటప్పుడే ఏ రేవులో దిగుతారో సిబ్బందికి చెప్పాలి. చెప్పకపోతే, ఆ రేవులో ఎక్కేవాళ్లు కూడా లేకుంటే, పడవ ఆగకుండా సాగిపోతుంది. దారిలో పడవ మారాల్సి ఉంటే అదీ అప్పుడే చెప్పండి.

చిన్న దీవి నుంచి తిరిగి రావడానికి అసలు తెలియాల్సింది సెమాఫోర్. రేవు చివర ఒక స్తంభం, దానికి కదిలే పలక ఉంటుంది. పడవ దూరాన కనబడగానే ఆ పలకను పైకి తిప్పాలి. కెప్టెన్ దాన్ని చూసే ఇటు మళ్లుతాడు. మన ఆర్టీసీ వాళ్ల ‘చెయ్యెత్తండి, బస్సెక్కండి’ లాంటిదే, కాకపోతే ఇక్కడ చెయ్యి ఊపితే చాలదు. నీళ్ల మీద అరకిలోమీటరు దూరం నుంచి మనిషి చెయ్యి కనబడదు, రేవులో కూర్చున్నవాళ్లు ఎక్కడానికి వచ్చారో, చేపలు పడుతున్నారో కెప్టెన్‌కు తెలియదు. చీకటి పడితే దీపంతో సైగ చెయ్యాలి కాబట్టి టార్చి దగ్గర పెట్టుకోండి. పడవ రాగానే పలకను మళ్లీ కిందికి దించాలి. దించడం మరిచిపోతే తర్వాతి పడవ ఎవరూ లేని రేవుకు ఊరికే వస్తుంది.

పడవ ఆగే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ముక్కును నేరుగా రేవుకు ఆనించి, ఇంజను నడుపుతూనే అదిమి పట్టుకుంటారు. ముందు వైపు నుంచి చిన్న వంతెన దించుతారు. ఎక్కడం, దిగడం అంతా ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. అందుకే సంచి సర్దుకుని ముందే లేచి నిలబడాలి. బాల్టిక్‌లో ఆటుపోట్లు లేనట్టే, కాబట్టి వంతెన ఎప్పుడూ పెద్దగా ఏటవాలుగా ఉండదు. పిల్లల బళ్లకు అది పెద్ద సుఖం.

దీవి నుంచి దీవికి తిరగాలనుకుంటే అన్నీ ఒకే దారిలో ఎంచుకోవాలి. దారులన్నీ నగరం నుంచి బండి చక్రం ఆకుల్లా విడిపోతాయి, ఒక ఆకు మీది నుంచి పక్క ఆకు మీదికి దూకడం కష్టం. మొదటిసారి వెళ్లేవాళ్లకు వాక్స్‌హోల్మ్, గ్రిండా, ఫిన్‌హామ్ వరస బాగుంటుంది. వాక్స్‌హోల్మ్‌కు గంట ప్రయాణం. అక్కడికి వంతెనలు ఉన్నాయి కాబట్టి పడవ తప్పినా 670 నంబరు బస్సులో నగరానికి వచ్చేయొచ్చు. ఆ ధీమా ఈ వరసలోని మిగతా దీవుల్లో దొరకదు.

గ్రిండాలో దక్షిణాన ఒకటి, ఉత్తరాన ఒకటి, రెండు రేవులు ఉన్నాయి. దిగిన రేవులోనే తిరుగు పడవ ఆగుతుందనుకుని ఎదురుచూసేవాళ్లు చాలామంది. ఒక రేవు నుంచి ఇంకో రేవుకు అడవిలో నడవాలి, పడవ కనబడ్డాక పరుగెత్తితే అందదు. టైం టేబుల్‌లో రేవు పేరు పూర్తిగా చదవండి. ఈత కొట్టడానికి, నున్నటి బండల మీద పడుకోవడానికి గ్రిండాను మించింది లేదు. ఆ నునుపు మంచుయుగపు హిమానీనదాలు రుద్దిన నునుపు. ఆ మంచు బరువు దిగిపోయాక ఇక్కడి నేల ఇప్పటికీ ఏటా కొన్ని మిల్లీమీటర్లు పైకి లేస్తూనే ఉంది.

రోజంతా చేతిలో ఉంటే మాత్రం ఉత్యో వెళ్లండి. ‘ఉత్’ అంటే బయట, ‘ఓ’ అంటే దీవి. కోనసీమ వాళ్లయితే ‘బయటి లంక’ అనేవాళ్లు. లోకల్ రైల్లో వెస్టర్‌హానింగె, అక్కణ్నుంచి బస్సులో ఓర్స్టా రేవు, ఆపైన పడవ. దిగాల్సింది గ్రువ్‌బ్రిగ్గన్, అంటే గని రేవు. 1879లో మూతపడ్డ ఇనుప గనుల గుంతలు ఇప్పుడు నీళ్లతో నిండి ఉన్నాయి. ఇక్కడి పెటలైట్ అనే ఖనిజంలోనే 1817లో ఆర్ఫ్‌వెడ్‌సన్ లిథియంను కనిపెట్టాడు. మన జేబులోని ఫోను బ్యాటరీకి పేరిచ్చిన లోహం తొలిసారి బయటపడింది ఈ దీవి రాళ్లలో! అద్దె సైకిలు తీసుకుని, వంతెన దాటి ఓలో దీవిలోని ఇసుక తీరం దాకా వెళ్లి రావొచ్చు.

శాండ్‌హామ్ అనే ఇంకో దీవి ఊరికి నగరం నుంచి నేరుగా పడవలో వెళ్తే చాలా సమయం పడుతుంది. నగరంలోని స్లుస్సెన్ నుంచి 433 లేదా 434 బస్సులో స్టావ్స్‌నెస్ వెళ్లి, అక్కడ పడవ ఎక్కడం మేలు. జులైలో అక్కడ రద్దీ ఎక్కువ, రేట్లూ ఎక్కువే.

శాకాహారులు అన్నం కట్టుకుని వెళ్లడమే నయం. పులిహోర రోజంతా నిలుస్తుంది. చాలా దీవుల్లో సెప్టెంబరు దాటితే కొట్లు తెరిచి ఉంటాయన్న నమ్మకం లేదు. బండల మీద నిప్పు పెట్టకండి, వేడికి రాయి పగిలి ఆ మచ్చ ఎప్పటికీ పోదు. పొడుగు గడ్డిలో పిడుదులు ఉంటాయి, వాటితో మెదడువాపు వచ్చే ప్రమాదం ఉంది. ప్యాంటు కాళ్లను సాక్సుల్లోకి దోపుకుని, ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో వెతుక్కోండి. స్టాక్‌హోమ్ ఐటీ శివారు కిస్టాలో ఉద్యోగం చేస్తూ ప్రతి వేసవీ వెళ్లేవాళ్లయితే టీకా వేయించుకోండి. ఒక్క డోసుతో అయిపోదు కాబట్టి ఆ పని చలికాలంలోనే మొదలుపెట్టాలి.