26/11 వాకింగ్ టూర్: తూటాల గుంతలు బాగా చూపించారు, పంపినవాళ్ల సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు

రేటింగ్ 5కి 3. ముంబైలో 2008 నవంబర్ 26 దాడి జరిగిన చోట్లన్నీ తిప్పి చూపించే ప్రైవేట్ టూర్ ఇది, నేనూ మా బావా వెళ్లాం. కంపెనీ పేరు రాయడం లేదు, గైడ్ కుర్రాడు మంచివాడు, వాడి పొట్ట కొట్టడం నా ఉద్దేశం కాదు. కానీ డబ్బులు పెట్టి వెళ్లేవాళ్లకి ఏం దొరుకుతుందో, ఏం దొరకదో తెలియాలి కదా.

ముందు బాగున్నవి చెప్తాను. మొదలయ్యేది లియోపోల్డ్ కేఫ్ దగ్గర. 1871 నాటి ఇరానీల హోటల్ అది, కానీ ఇరానీ అనగానే మన సికింద్రాబాద్ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఊహించుకుని వెళ్లకండి, ఇక్కడ టేబుల్ మీద బీరు టవర్లు ఉంటాయి, సగం మంది విదేశీయులే. గోడల మీద తూటాల గుంతలు అలాగే ఉంచేశారు. గైడ్ వాటి పక్కన నిలబడి డ్రామా ఏమీ చేయకుండా, ఎటు నుంచి వచ్చారు, గ్రెనేడ్ ఎక్కడ పడింది, దాడయిన నాలుగో రోజుకే యజమానులు షట్టర్ ఎలా ఎత్తారు అన్నీ నెమ్మదిగా చెప్పాడు. సీఎస్‌టీ స్టేషన్లో ఇంకా బాగా చెప్పాడు. అక్కడ 50 మందికి పైగా చనిపోయారు. అనౌన్సర్ విష్ణు జెండే మైకు వదలకుండా కూర్చుని ప్రయాణికులు ఏ వైపు నుంచి బయటికి వెళ్లాలో చెప్తూ ఉండకపోతే ఆ లెక్క ఎంత ఉండేదో! జనం తోసుకుంటూ పోతుంటే ఆ మధ్యలో నిలబడి ఇది వింటుంటే గొంతు పట్టేసింది, మా బావ అయితే చాలాసేపు మాట్లాడలేదు. కామా హాస్పిటల్ పక్క సందు, నారిమన్ హౌస్, బయటి నుంచి తాజ్, ఇవన్నీ కూడా ఓకే. తాజ్ లోపలికి తీసుకెళ్లరు, అది ముందే తెలుసుకోండి.

ఇక అసలు విషయం. చివర్లో కఫ్ పరేడ్ వైపు మచ్చిమార్ నగర్ దగ్గరికి తీసుకెళ్తారు, పదిమందీ రబ్బరు బోటులో వచ్చి దిగింది ఆ ఒడ్డునే. వాసన, వలలు, పడవల మధ్య నిలబడ్డాక గ్రూపులో ఒక పెద్దాయన న్యాయంగా అడిగారు, దీని వెనకాల పాకిస్తాన్ ప్రభుత్వం ఉందని ఎంతవరకు తేలింది బాబూ అని. మనవాడు "ఆర్మీ, ఐఎస్ఐ, గవర్నమెంట్ అందరూ కలిసే చేశారు సర్, అన్నీ ప్రూవ్ అయిపోయాయి" అనేసి సెల్ఫీలకు టైమ్ ఇచ్చాడు. అంతే! రెండున్నర గంటల టూర్‌లో ఆ ప్రశ్నకి దక్కింది అర నిమిషం. రెండు స్టార్లు పోయింది ఇక్కడే.

వాడు చెప్పింది మొత్తం అబద్ధమని కాదు నా గొడవ. ఉన్న సాక్ష్యమే అంత బలంగా ఉంటే దాన్ని నినాదం చేసి పారేయడం ఎందుకని. ఆ ఒడ్డు మీద నిలబడి చెప్పడానికి ఇంజిన్ కథ ఒక్కటి చాలు. దాడి చేసినవాళ్లు వదిలేసిన బోటు ఇంజిన్ మీద ఉన్న నంబర్ పట్టుకుని, అది జపాన్ నుంచి లాహోర్‌కి, అక్కడి నుంచి కరాచీలో ఒక స్పోర్ట్స్ షాపుకి ఎలా వచ్చిందో, దాడి చేయించిన ఉగ్రవాద సంస్థ లష్కర్-ఎ-తోయిబా మనిషి బోటుతో పాటు ఎలా కొన్నాడో కూపీ లాగింది ఎవరనుకుంటున్నారు? మన పోలీసులు కాదు, పాకిస్తాన్ కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌ఐఏ. ఆ దర్యాప్తు నడిచినప్పుడు ఎఫ్‌ఐఏకి అధిపతిగా ఉన్న తారిఖ్ ఖోసా 2015లో డాన్ పత్రికలో ఇవన్నీ తానే రాశాడు, సింధ్‌లోని ఠట్టా దగ్గర శిక్షణ, కరాచీలో ఆపరేషన్ రూమ్‌తో సహా. వాళ్ల ఇంటి మనిషే చెప్పిన సాక్ష్యం కంటే గట్టిది ఏం కావాలి మనకి.

అలాగని ఇదంతా లష్కర్ పని అని చూపిస్తుందే తప్ప, ప్రభుత్వం చేయించిందని చూపించదు. ఈ తేడా చెప్పాలి. చెప్పకపోతే రేపు ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే మనం నోరు వెళ్లబెట్టాలి.

ప్రభుత్వం సంగతికొస్తే నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం కలిగించేది తుపాకులో బోట్లో కాదు, 2009 జనవరిలో జరిగిన ఒక ఉద్యోగం ఊడగొట్టే తంతు. దాడిలో ప్రాణాలతో దొరికిన కసబ్ మా దేశస్థుడే అని పాకిస్తాన్ జాతీయ భద్రతా సలహాదారు మహమూద్ అలీ దుర్రానీ మీడియాకి ఒప్పుకున్నాడు, ఆ వెంటనే ప్రధాని గిలానీ ఆయన్ని పీకేశాడు. నిజం చెప్పినవాడి ఉద్యోగం పోయింది, కానీ ఆ నిజం మాత్రం నిలబడింది, మర్నెలలోనే వాళ్ల హోం వ్యవహారాలు చూసే రెహమాన్ మాలిక్ కుట్రలో కొంత భాగం మా గడ్డ మీదే జరిగిందని ప్రకటించాల్సి వచ్చింది.

తర్వాత హెడ్లీ, దాడికి ముందే ముంబైలో రెక్కీ చేసినవాడు. గైడ్ ఈ పేరే ఎత్తలేదు, నమ్మగలరా? అసలు పేరు దావూద్ గిలానీ, 2006లో అమెరికాలో పేరు మార్చుకుని, తన స్నేహితుడు తహవ్వుర్ రాణా ఇమ్మిగ్రేషన్ కంపెనీకి ముంబై ఆఫీసు అనే సాకుతో ఇక్కడికి వస్తూ పోతూ, తాజ్‌లో దిగి వీడియోలు తీసి, ఈ సముద్రంలోనే పడవలు అద్దెకు తీసుకుని ఎక్కడ దిగితే బాగుంటుందో చూసి వెళ్లాడు. 2016లో ముంబై కోర్టుకి వీడియోలో సాక్ష్యం చెప్తూ, దాడికి వచ్చేవాళ్లు హిందువుల్లా కనిపించేలా వాళ్ల చేతులకి కట్టడానికి సిద్ధివినాయక్ గుడి దగ్గర దారాలు కొన్నానని కూడా చెప్పాడు. సీఎస్‌టీలో కసబ్ ఫొటో గుర్తుందా, చేతికి ఎర్ర దారం? అది చూపించి ఈ కథ చెప్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. ఖర్చులకి 25,000 డాలర్లు ఇచ్చింది ఐఎస్ఐకి చెందిన మేజర్ ఇక్బాల్ అని హెడ్లీ వాంగ్మూలం, అమెరికా 2011లో పెట్టిన అభియోగంలో ఆ మేజర్ ఇక్బాల్ కూడా నిందితుడే.

కానీ హెడ్లీ ఎవరు? హెరాయిన్ కేసులో దొరికి అమెరికా నార్కోటిక్స్ వాళ్లకి ఇన్ఫార్మర్‌గా మారినవాడు, ఉరి తప్పించుకోవడానికి, మనకు అప్పగించకుండా ఉండటానికి బేరం కుదుర్చుకుని నోరు విప్పినవాడు. 35 ఏళ్ల శిక్షతో అక్కడే ఉన్నాడు. షికాగో కోర్టులో మేజర్ల పేర్లు చెప్పినవాడే ఐఎస్ఐ పెద్ద తలకాయలకి ఇది తెలుసని తాను అనుకోవడం లేదన్నాడు. అక్కడి జ్యూరీ 2011లో రాణాని డెన్మార్క్ కుట్రలో (అక్కడి ఒక పత్రిక మీద దాడికి వేసిన పథకం), లష్కర్‌కి సాయం చేసిన కేసులో దోషి అంది, ముంబై దాడి అభియోగం మాత్రం కొట్టేసింది. కాబట్టి "అన్నీ ప్రూవ్ అయ్యాయి" అనే మాట తప్పు. నా మటుకు నాకు ఐఎస్ఐలో కొందరు డబ్బు, దారి రెండూ చూపించారనే అనిపిస్తుంది, ఎంత పై దాకా తెలుసనేది ఏ కోర్టులోనూ తేలలేదు. ఇంత చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? పది నిమిషాలు.

మన హైదరాబాద్ సంగతి కూడా చెప్పలేదు, అది నాకు ఇంకా కోపం. దాడికి వచ్చినవాళ్ల జేబుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక డిగ్రీ కాలేజీ పేరుతో దొంగ ఐడీ కార్డులున్నాయి, కసబ్ కార్డు మీద సమీర్ చౌదరి అని ఉంది. బాధ్యత మాదే అంటూ మీడియాకి వచ్చిన ఈమెయిల్లో పేరు "దక్కన్ ముజాహిదీన్". కరాచీ నుంచి ఫోన్లో ఆడించినవాళ్లు, ఎక్కడివాళ్లని టీవీ వాళ్లు అడిగితే హైదరాబాద్ టోలీచౌకీ అని చెప్పమని నేర్పించారు. పాకిస్తాన్ పేరు బయటికి రాకుండా మన ఊరి మీద తోసేద్దామని ప్లాన్. తుకారాం ఓంబ్లే గిర్గావ్ చౌపాటీలో తూటాలు తింటూ కూడా కసబ్ తుపాకీ వదలకుండా పట్టుకుని వాణ్ని ప్రాణాలతో దొరికేలా చేయకపోతే, ఆ కార్డులు పట్టుకుని ఎన్నాళ్లు మన కాలేజీల చుట్టూ తిరిగేవాళ్లో. నేను ఈ ముక్క చెప్తే గైడ్ "అవునా సర్, హైదరాబాదా?" అని నోట్ చేసుకున్నాడు, అది మాత్రం మెచ్చుకోవాలి.

పాకిస్తాన్‌లో నడిచిన కేసు గురించి అడిగినా గైడ్ నుంచి ఏమీ రాలేదు. ఆ కేసులో ప్రధాన నిందితుడైన లష్కర్ కమాండర్ లఖ్వీకి 2014 డిసెంబర్లో బెయిలొచ్చింది, 2015 ఏప్రిల్లో బయటికొచ్చాడు. తర్వాత టెర్రర్ ఫండింగ్ కేసుల్లో లఖ్వీకీ, దాడిని నడిపించాడనే ఆరోపణ ఉన్న లష్కర్ మనిషి సాజిద్ మీర్‌కీ శిక్షలు పడ్డాయి కానీ ముంబై దాడి కేసులో కాదు. మూడుసార్లు ప్రధానిగా చేసిన నవాజ్ షరీఫే 2018లో, వాళ్లని సరిహద్దు దాటనిచ్చి ముంబైలో జనాన్ని చంపనివ్వాలా, ఆ విచారణ ఎందుకు పూర్తి చేయలేం అన్నట్టు మాట్లాడి సొంత దేశంలో తిట్లు తిన్నాడు.

వెళ్లేవాళ్లకి: నడక ఎక్కువ, మధ్యలో టాక్సీ ఖర్చు విడిగా, హిందీ వస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. చిన్నపిల్లల్ని తీసుకెళ్లొద్దు. శనివారం పెట్టుకోకండి, నారిమన్ హౌస్ యూదుల కేంద్రం, ఆ రోజు వాళ్లకి సబ్బాతు, అంటే విశ్రాంతి దినం. మచ్చిమార్ నగర్లో ఇళ్లలోకి కెమెరా పెట్టకండి, మనుషులు కాపురాలుంటున్న చోటు అది. ఇక రాణాని 2025 ఏప్రిల్లో అమెరికా మనకి అప్పగించింది కదా, ఇక్కడి కోర్టులో ఆ మేజర్ల గురించి ఏమైనా బయటపడితే ఈ టూర్ వాళ్లు ఆఖరి స్టాప్ స్క్రిప్టు ఎలాగూ తిరగరాయాల్సిందే. రాస్తే చెప్పండి, మళ్లీ టికెట్ కొంటాను, ఆ రెండు స్టార్లు అప్పుడు చూద్దాం.