సీల్స్ ఎక్కించడానికి ఏ గ్రీజు మంచిది? ఆరేళ్లు వాడాక చెబుతున్నా

నా దగ్గర ఒక పాత మారుతి జెన్, దానికన్నా కొత్తదైన ఇంకో పెట్రోల్ కారు ఉన్నాయి. చిన్న పనులు ఇంటి దగ్గరే చేసుకుంటాను. ఇంజన్ విప్పే పనులైతే విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లి మేస్త్రీ పక్కనే ఉండి చేయించుకుంటాను. ఇంజన్‌లో ఆయిలు, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) బయటికి కారకుండా ఆపే రబ్బరు సీల్స్‌కి రాయడానికి ఆరేళ్ల కిందట మోలీకోట్ 111 అనే సిలికాన్ గ్రీజు, 100 గ్రాముల ట్యూబు కొన్నాను. ఆ ట్యూబు గురించే రాద్దామని మొదలుపెట్టాను గానీ, ఏ పనికి దాన్ని ముట్టుకోకూడదో చెప్పకుండా బాగుందని మాత్రమే చెబితే చదివినవాళ్లకు నష్టమే.

ముందు మంచి చెబుతాను. చూడటానికి తెల్లగా, కొంచెం పారదర్శకంగా ఉంటుంది, వేడికి కారిపోదు. మైనస్ 40 నుంచి 204 డిగ్రీల దాకా పనిచేస్తుందని కంపెనీ కాగితంలో ఉంది, ఇంజన్ మీద అంతకన్నా ఏం కావాలి? ఓ-రింగుకి, అంటే పైపు అతుకు దగ్గర కారకుండా వేసే గుండ్రటి రబ్బరు చుట్టకి, పెసరగింజంత చాలు. రెండు వేళ్ల మధ్య రింగుని తిప్పుతూ రాస్తే చుట్టూ పల్చగా పరుచుకుంటుంది, పైపుని నెట్టినప్పుడు ఎక్కడా పట్టేయకుండా జారుకుంటూ వెళ్లి కూర్చుంటుంది. ఏమీ రాయకుండా నెడితే ఏమవుతుందో ఒకసారి చూశాను. కిర్రుమని చప్పుడొచ్చింది, పైపు మాత్రం లోపలికి వెళ్లిపోయింది. అనుమానమొచ్చి వెనక్కి లాగితే రింగు మెలి తిరిగి ఉంది, అంచు చెక్కుకుపోయి నల్లటి నూలుపోగు లాంటి ముక్క వేలాడుతోంది. అలాగే బిగించేసి ఉంటే రోడ్డు మీద కూలెంట్ కారిపోయేది.

అసలు ఈ ట్యూబు కొనడానికి కారణం నేను చేసిన తప్పే. రెండో కారుకి కూలెంట్ దారిలో ఉండే థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర ఓ-రింగు మార్చినప్పుడు చేతికి అందిన వాసెలిన్ రాశాను, రబ్బరుకి వాసెలిన్ మంచిదేగా అనుకుని. కొన్ని నెలలకే అక్కడ తడి కనిపించింది. విప్పి చూస్తే రింగు ఉబ్బి మెత్తబడిపోయింది, దాన్ని మళ్లీ గాడిలో పెడదామంటే పట్టడం లేదు. అది ఈపీడీఎం రబ్బరు. నీళ్లకి, కూలెంట్‌కి, బ్రేక్ ఆయిల్‌కి గట్టిగా నిలబడుతుంది, కానీ పెట్రోలియం నూనెలు, గ్రీజులు తగిలితే ఉబ్బిపోతుంది. వాసెలిన్ కూడా పెట్రోలియం సరుకే కదా. అప్పటినుంచి కూలెంట్ వైపు ఉండే సీల్స్ అన్నిటికీ సిలికాన్ గ్రీజే రాస్తున్నాను, ఆరేళ్లలో ఒక్క చోట కూడా తిరిగి కారలేదు.

ఇంకో సంగతి, రంగు చూసి రబ్బరుని గుర్తుపట్టలేం. ఆయిల్‌ని తట్టుకునే నైట్రైల్ రబ్బరు నల్లగానే ఉంటుంది, ఈపీడీఎం కూడా నల్లగానే ఉంటుంది. నాకు అనుమానం వస్తే, తీసేసిన పాత రింగుని వెర్నియర్‌తో కొలిచి, రెండు రోజులు ఇంజన్ ఆయిల్లో వేసి ఉంచి, మళ్లీ కొలుస్తాను. బాగా లావైతే ఈపీడీఎం అని అర్థం.

మరి ఆయిల్ వైపు? ఇక్కడ నా ట్యూబుకి పెద్ద పనేం లేదు. జెన్‌కి ముందువైపు క్రాంక్ సీల్ (ఇంజన్ లోంచి బయటికొచ్చే తిరిగే షాఫ్ట్ చుట్టూ ఉండేది) మార్చేటప్పుడు నేను ఉత్సాహంగా సిలికాన్ గ్రీజు తీస్తే మేస్త్రీ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆయిల్లో బతికేదానికి ఆయిలే రాయి బాబూ, ఇదెందుకు?" అన్నాడు. నిజమే. ఆ సీల్ లిప్‌కి (షాఫ్ట్‌ని ఆనుకుని ఉండే లోపలి అంచు), షాఫ్ట్‌కి కొత్త ఇంజన్ ఆయిల్ రాస్తే చాలు, స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో లిప్ పొడిగా రాసుకుని కాలిపోకుండా ఉంటుంది. ఆయన అదనంగా చేసేది ఒకటే, లిప్ వెనక ఉండే సన్నటి స్ప్రింగు గాడిలో కొంచెం మామూలు గ్రీజు నింపుతాడు, సీల్‌ని తట్టేటప్పుడు స్ప్రింగు ఎగిరిపోకుండా. ఈ సీల్ విషయంలో నిర్లక్ష్యం అస్సలు పనికిరాదు, ఎందుకంటే అది కారితే ఆయిల్ నేరుగా టైమింగ్ బెల్టు మీద పడుతుంది. వాల్వ్ సీల్స్‌కి, ఆయిల్ ఫిల్టర్ రబ్బరుకి కూడా ఇంజన్ ఆయిలే.

సిలికాన్ గ్రీజు అసలు వాడకూడని చోట్లు చెబుతాను, ఇవి ట్యూబు మీద పెద్దక్షరాల్లో ఉండాలి అనిపిస్తుంది నాకు. రబ్బరే సిలికాన్ అయితే దానికి సిలికాన్ గ్రీజు రాయకూడదు, ఉబ్బుతుంది. కొన్ని ఇంజన్ల వాల్వ్ కవర్ గాస్కెట్లు అలాంటివే. గాస్కెట్ సీలెంట్ పెట్టాల్సిన చోట ఈ గ్రీజు మరక ఉంటే సీలెంట్ అతుక్కోదు. పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ దరిదాపుల్లో అసలు వద్దు, సిలికాన్ దాన్ని పాడుచేస్తుంది. పెయింట్ వేసే షెడ్డులోనైతే ట్యూబు మూత కూడా తీయొద్దు, దాని జిడ్డు తగిలిన చోట రంగు పట్టదు.

నాకు బాగా ఖర్చు పెట్టించింది మాత్రం రబ్బరు బదులు పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) లిప్ ఉన్న సీల్. రెండో కారుకి గేర్‌బాక్సు దించి వెనక క్రాంక్ సీల్ వేశాం. లోపల ప్లాస్టిక్ స్లీవ్‌తో వచ్చింది. అన్నిటిలాగే దీనికీ ఆయిల్ రాయమని నేనే చెప్పాను. పదిహేను రోజుల్లో కారడం మొదలైంది, మళ్లీ గేర్‌బాక్సు దించాల్సి వచ్చింది, ఒక రోజు పని, రెండోసారి లేబర్. అప్పుడు తీరిగ్గా సీల్‌తో వచ్చిన కాగితం చదివితే పొడిగానే ఎక్కించాలని, లిప్‌ని వేలితో కూడా తాకొద్దని, నాలుగు గంటలు ఆగి స్టార్ట్ చేయాలని ఉంది. ఈ రకం సీల్ తన పదార్థాన్ని పల్చటి పొరగా షాఫ్ట్‌కి పట్టించుకుని ఆ పొర మీద పనిచేస్తుంది. మధ్యలో ఆయిల్ ఉంటే ఆ పొర పట్టదు. కాబట్టి కొత్త సీల్ కవర్ విప్పగానే ముందు ఆ కాగితం చదవండి, దయచేసి.

బ్రేక్ పని ఇంజన్ది కాకపోయినా అడుగుతారు కాబట్టి చెబుతున్నా, కాలిపర్ రబ్బర్లకి నేను ఎర్రటి రబ్బర్ గ్రీజు వాడతాను. అది ఆముదం లాంటి మొక్కల నూనెతో చేసేది, అందుకే బ్రేక్ రబ్బరుని ఉబ్బించదు. క్యాస్ట్రాల్ అన్న పేరు ఇంగ్లీషులో ఆముదాన్ని పిలిచే మాట నుంచే వచ్చిందని తెలిసినప్పుడు మా ఊరి ఆముదం చేలు గుర్తొచ్చాయి.

ధర విషయానికొస్తే, మామూలు గ్రీజుతో పోలిస్తే మోలీకోట్ ఖరీదెక్కువే, కానీ మొదటి ట్యూబు నాకు నాలుగేళ్లు వచ్చింది. ఇప్పుడు రెండోది సగం దాటింది. దాని మూత మీద మార్కర్‌తో "కూలెంట్ వైపు మాత్రమే" అని రాసి పెట్టాను, మా తమ్ముడు కూడా నా డబ్బా నుంచే తీసుకుంటాడు కాబట్టి.